మంచుబండి కింద వెచ్చని గ్రీజు

ఆ మంచుబండి గురించి ఇంతకాలం నేను ఎంత మొత్తుకున్నా మా ఇంట్లో ఒక్కరూ చెవిన పెట్టలేదు. మొన్న ఆదివారం మాత్రం మా తోడల్లుడు ఫ్యామిలీ గ్రూపులో దాని ఫోటో పెట్టి, అమ్మేద్దామా అని అడిగాడు. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే అందరూ సరేనన్నారు. ఆ బండిలో సగం వాటా నాది. మా అమ్మాయి గ్రాడ్యుయేషన్ ఫోటోలో ఒక్క చెవి మాత్రమే కనిపించే తండ్రిని కూడా నేనే కాబట్టి ఆశ్చర్యపోలేదు. గుర్తు మాత్రం పెట్టుకున్నాను.

ఈ చలిదేశంలో, ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల సస్పెన్షన్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త, కంప్యూటర్ల మనిషి. ఒక చలికాలం ఇంట్లో కూర్చోలేక ఇద్దరం ఉత్తరాన, పొడుగాటి వంతెన దాటి వెళ్ళి, ఒక పెద్దావిడ దగ్గర మంచు మీద నడిపే ఆ పాత స్నోమొబైల్ కొన్నాం. అది ఆవిడ భర్తది. ఆయన పోయాడు. ఇంటికి తీసుకెళ్ళినా పెట్టుకునే చోటు లేదంటే, ఆవిడే తన షెడ్డులో ఉంచుకోమంది. అప్పటినుంచి నడిపేది అతను, గ్రీజు పెట్టేది నేను. వంట నాదీ వడ్డన నీదీ అన్నట్టు. పెళ్ళిళ్ళలో నాకు అప్పడం అందే వేళకి బుట్ట ఖాళీ చేయించే మనిషి అతను. ఆ వరస ఇక్కడా మారలేదు.

మంచుబండికి వెనక చక్రాలుండవు, వెడల్పాటి రబ్బరు పట్టా తిరుగుతుంది. ఆ పట్టా లోపల స్ప్రింగులు, చేతులంత ఊచలు, వాటిని పట్టి ఉంచే ఇరుసులు. కరిగిన మంచునీళ్ళు చేరేది అక్కడికే. గ్రీజు అందకపోతే ఇరుసు గొట్టంలోనే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. వెనకభాగం పైకెత్తి నిలబెట్టి, నేల మీద వెల్లకిలా పడుకుని, గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అంటే ఒక్కో నిపుల్‌కీ గ్రీజు గన్ తగిలించి నొక్కాలి. మొదట కాఫీ మడ్డిలాంటి పాత గ్రీజు, దాంతోపాటు నీళ్ళు, ఆ తర్వాత శుభ్రమైన కొత్తది బయటికొస్తుంది. అప్పుడు ఆపి, గుడ్డతో తుడిచేయాలి. నేను వాడేది ఎర్ర గ్రీజు. నిపుల్ మీద చుక్క కూడా మిగల్చను, దుమ్ము పడుతుంది.

ఒక ఏడాది వసంతంలో అలాగే తుడిచి, బండి మీద టార్పాలిన్ కప్పి, షెడ్డుకి తాళం వేసి వచ్చాను. ఆకులు రాలే కాలంలో వెళ్ళి చూస్తే, టార్పాలిన్ మీద దుమ్ము చెదరలేదు. కింద మాత్రం ప్రతి నిపుల్ మీదా నీలం గ్రీజు ముద్ద, టోపీ పెట్టినట్టుంది. ప్రతి ముద్ద మీదా బొటనవేలితో అదిమిన గుర్తు. షెడ్డంతా వెతికాను, నీలం గ్రీజు ట్యూబు లేదు. అన్నీ తుడిచేసి, పెద్దావిడని అడిగాను. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు సీసా మూత తిప్పడానికే రావు. తన భర్త అలాగే చేసేవాడని చెప్పింది, నీళ్ళు దిగకుండా. తుడిచేశావా అని అడిగింది. అవునన్నాను. ఉండనివ్వాల్సింది అని, తలుపు వేసుకుంది.

ఇంటికొచ్చి చెబితే నవ్వారు. పోయినసారి నేనే పెట్టి మరిచిపోయానట. తోడల్లుడి పెళ్ళిలో నన్ను ఏ వరసలో కూర్చోబెట్టారో ఇవాళ్టికీ చెప్పగలను. నేను మరిచిపోతానా?

అందుకే కిందటి చలికాలం మొదట్లో అతన్ని వెంటబెట్టుకెళ్ళాను. పట్టపగలు. నేను గ్రీజు నొక్కుతుంటే టార్చి పట్టుకుంది అతనే. తుడవడం చూశాడు. షెడ్డులో చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని తలుపు మూసి, ఎదురుగా కార్‌లో హీటర్ వేసుకుని పులిహోర తిన్నాం. ఆ షెడ్డుకి ఉన్నది ఆ ఒక్క తలుపే, అది మా కళ్ళముందే ఉంది. ఎవరూ పోలేదు, ఎవరూ రాలేదు. కొత్త మంచు మీద మా అడుగులు తప్ప మరేమీ లేవు.

లోపలికెళ్ళి అతను మళ్ళీ టార్చి వేశాడు. నీలం ముద్దలు. నా కుడి బొటనవేలికి పాత కోత ఒకటి అడ్డంగా ఉంది. ఆ గుర్తుల్లో గీత లేదు, వెడల్పూ ఎక్కువే. అతను ఒకదాన్ని వేలితో ముట్టుకుని, వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వెచ్చగా ఉంది అన్నయ్యా," అన్నాడు మెల్లగా.

నేనూ ముట్టుకున్నాను. ఊపిరి గడ్డకట్టే చలిలో అది ఒంటి వేడిలా ఉంది. తుడవబోతే నా మోచెయ్యి పట్టుకుని వద్దన్నాడు. దారి పొడుగునా మధ్యమధ్య ఆ వేలు ప్యాంటుకి రుద్దుకుంటూ డ్రైవ్ చేశాడు.

ఇల్లు చేరాక మా ఆవిడ, అమ్మాయి ఎదురుగానే అడిగాను, ఏం చూశావో చెప్పమని. అతను బూట్లు విప్పుకుంటూ తల ఎత్తలేదు. "ఏముంది వదినా, అన్నయ్యే పెట్టారు. పెట్టి మర్చిపోయారు. ఒకసారి డాక్టర్‌కి చూపిస్తే బెటర్."

ఆ ఒక్క మాటతో నా కారు తాళాలు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళాయి. అమ్మాయి మెమరీ టెస్ట్ బుక్ చేసింది. "జస్ట్ వన్ టెస్ట్ నాన్నా, నాకోసం," అంది. ఆ గొంతులో జాలి వినిపించింది. వేళాకోళాలన్నీ ఓర్చుకున్నవాణ్ణి, దాన్ని ఓర్చుకోలేకపోయాను. టెస్ట్‌లో గడియారం గీయమంటే గీశాను. చెప్పిన మాటలన్నీ తిరిగి అప్పజెప్పాను. బాగానే ఉందన్నారు. తాళాలు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు నేను ఏ పాత సంగతి చెప్పినా, మా ఆవిడ ముందు చెల్లెలికి ఫోన్ చేసి నిజమేనా అని కనుక్కుంటుంది.

రోజులు గడిస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. నాకలా జరగలేదు. గడిచిన ప్రతి రోజూ అబద్ధం వైపే చేరింది, ఇంకో ఏడాది పోతే నా మాట నాకే నమ్మబుద్ధి కాదేమోనని భయంగా ఉంది. అందుకే తోడల్లుడా, తమ్ముడూ, ఇది నీకే చెబుతున్నాను: బండి అమ్ముకో, నా వాటా నువ్వే ఉంచుకో. అమ్మే ముందు మా అమ్మాయికి ఫోన్ చేసి, ఆ షెడ్డులో నువ్వు ఏం ముట్టుకున్నావో చెప్పు. చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను.