పైలట్ పట్టిన పగ్గం

అమ్మ నాకు ఇంట్లో నేర్పిన అక్షరాలే నేను మా తమ్ముడు శీనుతో దిద్దించాను. వాడు పైలట్ శిక్షణ పూర్తిచేసి విమాన సంస్థలో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది. ఈలోగా కోడుమూరు దగ్గర మా ఊళ్లో తిరుణాల వచ్చింది. ఎద్దుల బండలాగుడు పోటీ అంటే వాడికి చిన్నప్పటి నుంచీ పిచ్చి.

“చెయ్యి ఇరిగిందంటే ఉద్యోగం పోతాదిరా, ఈసారికి వద్దు” అన్నాను.

“ఏం కాదులే అక్కా! ఇమానం తోలేటోనికి ఎద్దులొక లెక్కా?” అని నవ్వాడు.

వాడు ఎద్దులను బరిలోకి దించగానే డప్పుల మోతకు అవి బెదిరి ఉరికాయి. జారిపోకుండా మణికట్టుకు చుట్టుకున్న పగ్గం శీనును కిందకు లాగేసింది. వెనకాలే ఎద్దులు లాగుతున్న పెద్ద బండ వస్తోంది. ఆడవాళ్లెవరూ దిగని ఆ బరిలోకి పరుగెత్తాను.

“రామా! లక్ష్మణా! నిలబడండ్రా నాయనా!”

రోజూ నా చేతి ఉలవలు తినే ఎద్దులు నా గొంతు వినగానే నిలిచిపోయాయి. బండ వాడి కాళ్ల దగ్గరే ఆగింది.

“ఏమప్పా పైలట్, నీకన్నా మీ యక్కే బాగా తోల్తాండాదే!” అని ఎవరో అరిస్తే జనమంతా ఘొల్లుమన్నారు. అప్పుడు గానీ నాకు సిగ్గేయలేదు.

దేవుడి దయ, ఎముక విరగలేదు. వైద్య పరీక్షలో మణికట్టు వాపు చూసిన డాక్టరుకు శీను జరిగింది దాచకుండా చెప్పాడట. “మళ్లీ తోలుతావా?” అని ఆయన అడిగితే, “లేదు సార్, ఇకమీదట మా అక్క తోలుతుంది” అన్నాడట.

ఇప్పుడు వాడు విమానం నడుపుతున్నాడు. నేను మాత్రం పూజ అయ్యాక ఆ ఎద్దులకు ప్రసాదం పెట్టాకే ఇంట్లోవాళ్లకు పెడుతున్నాను.