కంద బచ్చలి కోసం మామిడికుదురు దాకా

నాకు వంట పుస్తకాల పిచ్చి. ఎవరింట్లోనైనా వంటలు రాసిన తాటాకులున్నాయని తెలిస్తే, గంటం పట్టుకుని వెళ్లి నకలు రాసుకుంటే గాని నిద్ర పట్టదు. ఈసారి కోనసీమ వెళ్లింది మాత్రం ఆ సరదాకొద్దీ కాదు. మా ఆవిడకు ఐదో నెల. ఏం తిన్నా ఇమడటం లేదు. కిందటిసారి కడుపు నిలవలేదు. "నాలుగు మెతుకులు లోపలికి పోకపోతే ఈసారీ నేను చెప్పలేనండీ" అని మంత్రసాని నా ముఖం మీదే అనేసింది.

మా ఆవిడ మనసు పోయేదల్లా చిన్నప్పుడు తల్లి చేతితో తిన్న కంద బచ్చలి కూర మీదికే. ఆ తల్లి ఇప్పుడు లేదు. మా ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు గనక వంట నాదే. మామగారు రాసిన పుస్తకానికి ఎవరో చేసిన నకలు నా దగ్గరుంది. అందులో ఉన్నది ఉన్నట్టు వండాను. చేదు విషం! ఒక్క ముద్ద నోట పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. నకలు రాసినవాడి చెయ్యి విరగ అని తిట్టుకుని, అసలు పుస్తకం చూసి వద్దామని, ఆవిడను పక్కింటి ముసలమ్మగారికి అప్పగించి బయలుదేరాను.

ధవళేశ్వరం రేవులో తెల్లవారుజామున పడవెక్కాను. మనిషికి అణా. గాలి అనుకూలంగా ఉండటంతో సరంగుకు నాతో మాట్లాడే తీరిక దొరికింది.

"ఏం పనిమీదండీ ఎల్తన్నారు?"

"వంట పుస్తకం చూడాలి."

అతను పగలబడి నవ్వాడు. "మా ఇంటిదానికి పుస్తకమంటే ఏంటో తెలీదండి. పులుసెట్టిందంటే మాత్రం చెయ్యి నాకాల్సిందేనండి, ఆయ్!"

మిట్టమధ్యాహ్నానికి కొత్తపేట దగ్గర దిగి, ఎరిగినవారింట భోంచేశాను. వారి ఊరగాయల పుస్తకం నాకు ప్రాణం. కారం ఎక్కువైతే ఏం చేయాలో, నూనె తేలకపోతే ఏం చేయాలో కూడా రాసిన పుణ్యాత్ముడు ఆయనొక్కడే. అక్కణ్ణుంచి ఎడ్లబండి. దీపాలు పెట్టే వేళకు అమలాపురం చేరి సత్రంలో బస చేశాను. ఆ సత్రం వంటాయన దగ్గరా ఒక పుస్తకం ఉంది. అన్నీ నూరు విస్తళ్ల లెక్కలు. ఇంటి వంటకు బొత్తిగా పనికిరాదు గాని, చదువుతుంటేనే ఆకలేస్తుంది. ఆ వైపు వెళ్లేవారు అడిగి చూడండి, ఆయన కాదనడు.

మర్నాడు ఉదయం బల్లకట్టు మీద వైనతేయ పాయ దాటి, జాము పొద్దెక్కేసరికి మామిడికుదురులో మా అత్తవారింటికి చేరాను. బావగారు కొబ్బరి దింపించే పనిమీద ఊళ్లో లేరు. ఆయన భార్య సూరమ్మగారు కాళ్లకు నీళ్లిచ్చి, "వచ్చేరా అన్నయ్యగారూ! మా ఆడపడుచు ఎలా ఉందండీ?" అంది. చెప్పాను. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పురుగు పట్టకుండా పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పొయ్యి పైన పొగలో వేలాడదీస్తారు ఆ ఇంట్లో. ఏడాదికొకసారి పూజకు దింపి, బొట్టు పెట్టి, మళ్లీ అక్కడే కడతారు. ఆవిడ దింపి ఇచ్చింది. కంద బచ్చలి రాసిన ఆకు వెతికాను. "ఆవముద్ద వేసి, రెండు పొంగులు రానిచ్చి దించవలెను." నా నకల్లోనూ అచ్చం ఇదే ఉంది! ఒక్క అక్షరం తేడా లేదు. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని అరుగు మీద కూలబడ్డాను.

"ఏం రాసేరండీ అందులో?" అని సూరమ్మగారు గుమ్మంలోంచి అడిగింది. పైకి చదివాను.

"అయ్యో నా తల్లీ! పొయ్యి మీద ఆవ ఉడికితే చేదెక్కిపోదాండీ? కూర దింపి, చెయ్యి పెట్టి చూస్తే కాలనంత చల్లారేక కలపాలి. అత్తగారు నాకు అలాగే నేర్పేరు."

"మరి మామగారు ఇలా రాశారేమమ్మా?"

"అత్తగారు మడి కట్టుకుని లోపల్నుంచి చెప్పేవారటండీ, ఆయన ఈ అరుగు మీద కూచుని రాసుకునేవారట. జన్మలో పొయ్యి దగ్గరకొచ్చేరా ఆయన?"

"ఇన్నేళ్లూ ఎవరూ దిద్దలేదా?"

"ఎవరు దిద్దుతారండీ? వండే మాకు చదువు రాదు. చదివే మగవాళ్లు వండరు."

వండే నేనూ రాతనే నమ్మానే అని నాకు సిగ్గేసింది. ఆ పూట ఆవిడ వండుతుంటే, మడిబట్ట కట్టుకుని వంటింటి గడప మీద కూర్చుని, ప్రతి పనీ కళ్లారా చూసి రాసుకున్నాను. భోజనం కాగానే ఒక కంద దుంప, తడిగుడ్డలో చుట్టిన బచ్చలి నా చేతికిచ్చి పంపింది.

తిరుగు పడవ ఏటికి ఎదురు. తాళ్లతో లాగుతుంటే ఒక రోజంతా ఎక్కువ పట్టింది. దారి పొడుగునా బచ్చలి మీద నీళ్లు చిలకరిస్తూ, నా తాటాకుల పెట్టె ఎన్ని తప్పులు మోస్తోందో అనుకుంటూ కూర్చున్నాను. అయినా వాటి మీద ప్రేమ తగ్గలేదు. మీరూ కోనసీమ వెళ్తే పుస్తకం చూసి వచ్చేయకండి, ఆ ఇంటి ఇల్లాలు వండుతుంటే చూసి రండి.

ఇల్లు చేరగానే పొయ్యి వెలిగించాను. కూర దింపి, చల్లారనిచ్చి, ఆవ కలిపి, ముద్ద చేసి ఆవిడ చేతికిచ్చాను. తింది. ఆవిడ ముఖమే చూస్తున్నాను. రెండో ముద్దకు చెయ్యి చాపి, నా వంక చిరాగ్గా చూసింది.

"ఉప్పు చాల్లేదండీ."

మూడు నెలల్లో అన్నానికి వంక పెట్టడం అదే మొదటిసారి. ఏడుపు ఆపుకోలేక, ఉప్పు తెస్తానని వంటింట్లోకి పరిగెత్తాను.