వల వేయని చెరువు

మా ఊరు కాటారం దాటాక అడవి అంచున ఉంటుంది. నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతాదంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. జాకెట్లు కుట్టడం నా పని. దారాలు, లైనింగు గుడ్డ కొనడానికి భూపాలపల్లి వెళ్ళినప్పుడల్లా, తిరుగు బస్సు వేళ అయ్యేదాకా అక్కడి గ్రంథాలయంలో కూర్చుంటాను. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల మధ్య, ఒళ్ళో గుడ్డల సంచి పెట్టుకుని నేనొక్కదాన్నే నడివయసు ఆడమనిషిని. మొదట్లో నవ్వుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత ఫ్యాను కింద కుర్చీ నాకు వదిలేయడం మొదలుపెట్టారు. ఇది గొప్ప కోసమే చెబుతున్నాను. చెప్పుకోవడానికి నాకు ఇంకో గొప్ప లేదు.

కిందటి వానాకాలం ఊరికి ఎగువన బూడిద గుంట కట్ట తెగింది. కరెంటు కోసం బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద అది. వాన నీళ్ళు పారే ఒర్రె వెంట కొట్టుకొచ్చి మా చెరువులో కలిసింది. కొన్నాళ్ళు నీళ్ళు సిమెంటు కలిపినట్టున్నాయి. ఎవరో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. ఏం తేలిందో మాకు ఎవరూ చెప్పలేదు. చలికాలానికి బూడిద అడుక్కి దిగి, చెరువు మళ్ళీ తేటగా కనబడింది. చూసిన వాళ్ళు ఇక ఏమీ లేదనుకున్నారు.

ఆ చలికాలంలోనే నా బిడ్డకు నెల తప్పిందని కబురొచ్చింది. దాన్ని ఇచ్చింది ఎంతో దూరం కాదు, చెరువు అవతలి ఊరికే. తర్వాతిసారి గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు కథల పుస్తకాల జోలికి పోలేదు. ఆ బూడిదలో ఏముంటుందో వెతుక్కున్నాను. అర్థం కాని మాటలకు నిఘంటువు తెరిచాను. సీసం, పాదరసం లాంటివి ఉండొచ్చనీ, చేప ఒంట్లో చేరితే ఒక పట్టాన పోవనీ, కడిగినా ఉడికించినా పోవనీ, అందరికంటే కడుపులో ఉన్న బిడ్డకే చేటు ఎక్కువనీ చదివాను. పుస్తకం మూసి, ఆ పుటే మళ్ళీ తెరిచి చదివాను. అలాగే ఉంది.

చాటింపు వేయించమని మా సర్పంచిని అడిగాను. ఆయన కోపగించుకోలేదు.

"నువ్వు చెప్పేది నిజమే అయుంటది అక్క. పైనుంచి కాగితం రాంది డప్పు ఎట్ల కొట్టియ్యాలె? నీకెవరు చెప్పిండ్రని అడిగితే, జాకెట్లు కుట్టే అక్క చెప్పిందని చెప్పాల్నా?"

అందుకని చాటింపు నేనే మొదలుపెట్టాను. కుట్టిన జాకెట్ ఇవ్వడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లో, ఈసారి చెరువు చేప తినొద్దని చెప్పేదాన్ని. ఒక ఇంట్లో ముసలవ్వ అంతా విని, పండ్లు లేని నోటితో నవ్వింది.

"చేపను బూడిదల రాకి కడుగుతం గదా బిడ్డ. ఆ బూడిదలనే పెరిగిన చేప అయితే మనకు పని తప్పినట్టేనాయె."

"అది పొయ్యిల కట్టె బూడిద అవ్వా. ఇది వేరే."

"బూడిదల గూడ కులాలున్నయా?"

ఇంట్లో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ మాట మర్నాటికి ఊరంతా పాకింది. నేను కనిపిస్తే చాలు, బూడిద ఏ కులమని అడిగేవాళ్ళు.

నా మాట చెవిన పెట్టింది మా తమ్ముడొక్కడే. చేపలు పట్టేవాళ్ళ సంఘానికి వాడే పెద్ద. ఒక పొద్దున విసురు వల వేసి, రెండు రవ్వ చేపలు తెచ్చి మా వాకిట్లో పడేశాడు. రెక్కల మొదట్లో పుండ్లు. మొప్పలు ఎత్తి చూస్తే ఎరుపు మీద బూడిద రంగు జిగట.

"నువ్వు చదివింది గిదేనా అక్క?"

"పుండ్ల సంగతి చదువలే. కండ్లకు కనబడని దాని సంగతి చదివిన."

వాడు ఆ రెండు చేపలనూ సంచిలో వేసుకుని లేచాడు. ఆ తర్వాత సంఘం వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడాడు. తిట్టినవాళ్ళు తిట్టారు, లేచిపోయినవాళ్ళు లేచిపోయారు. చివరికి ఈ ఏడు వల వేయొద్దని ఒప్పుకున్నారు. ఏడాది తిండి వాళ్ళకది. కొందరు భార్యాపిల్లలతో మహబూబాబాద్ దిక్కు మిర్చి ఏరబోయారు. నా మాట మీద అన్ని ఇళ్ళ వలలు దూలాలకెక్కినందుకు బాధపడ్డాను. దాని అడుగున కొంత గర్వం కూడా ఉంది. నేను చదివింది మొదటిసారి నలుగురికి పనికొచ్చిందనుకున్నాను.

కానీ మా దిక్కున ఒక ఆనవాయితీ ఉంది. ఎండాకాలం నీళ్ళు మోకాలి లోతుకు దిగాక సంఘం వాళ్ళు పెద్ద వలలు లాగి, తమ చేపలు తాము పట్టుకుని గట్టెక్కుతారు. ఆ తర్వాత చెరువు లూటీ. మిగిలిన చేప ఎవరికి దొరికితే వాళ్ళది. చుట్టుపక్కల ఊళ్ళ జనం బుట్టలు, దోమతెరలు, పాత చీరలు తెచ్చుకుని దిగుతారు. వాళ్ళకు దొరికేది జెల్ల చేపలు, చిన్నాచితకా. సంఘం చేప ఎవరూ ముట్టరు. సంఘం వదిలేసిన చేపకు అడ్డం చెప్పేవాళ్ళూ ఉండరు.

సంఘం అసలు వలే వేయకపోతే ఏమవుతుంది? చెరువు మీద పుట్టి పెరిగిన మా అక్కాతమ్ముళ్ళకు ఆ ప్రశ్న తట్టలేదు.

ఎండలు ముదిరాయి. అప్పటికి నా బిడ్డ తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఒకనాడు తెల్లారేసరికి కట్ట మీద ట్రాక్టర్లు, ఆటోలు. బూడిద పడ్డ చెరువు, సంఘం వదిలేసింది, చేపలన్నీ నిండుగా ఉన్నాయని చుట్టాలు చుట్టాలకు ఫోన్లు చేసుకున్నారు. మా తమ్ముడూ నేనూ పరుగెత్తాం.

"తినకుండ్రి. కడిగితే పోదు, ఉడికిస్తే పోదు. పిల్లలకు పెట్టకుండ్రి" అని వచ్చిన వాళ్ళకల్లా చెప్పాను.

భుజాన దోమతెర వేసుకున్న ఒకాయన ఆగాడు. "మీరు కడుపునిండ తిని, మా వంతుకొచ్చేసరికి విషం అయినయా?"

"మేం ఈ ఏడు వలనే ఎయ్యలే అన్న. ఒక్క చేప ముట్టలే" అన్నాడు మా తమ్ముడు.

"గందుకే గదా గింత దూరం వచ్చినం."

పక్కనున్నవాళ్ళు నవ్వుతూ నీళ్ళలోకి దిగారు. ఎవరూ నన్ను కసురుకోలేదు. "జర పక్కకు జరుగు అక్క, జారి పడ్తవు" అని ఒకామె చెయ్యి పట్టుకుని మరీ పక్కకు నిలబెట్టింది. మా ఊరి ఆడవాళ్ళు నేను కుట్టిన జాకెట్లతోనే దిగారు. నా వైపు చూడకుండా వంగి తడుముతున్నారు. అడుగు కదిలితే నీళ్ళు మళ్ళీ బూడిద రంగుకు తిరిగాయి. అందులోంచే ఒక్కొక్కరూ చేతి పొడవు బొచ్చె చేపలు పైకెత్తుతున్నారు.

నా గొంతు పోయింది. తమ్ముడు కట్ట మీద కూలబడ్డాడు.

"మనమే వల ఏసి, అన్నిటిని పట్టి, బొంద తీసి పాతిపెట్టేదుండె అక్క."

ముందే తట్టాల్సింది మాకు. అంత చిన్న సంగతి.

ఎండ నడినెత్తికి వచ్చాక ఇంటికి నడిచాను. వాకిట్లోకి రాగానే మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన. నా బిడ్డ గోడకు ఆనుకుని కూర్చుంది. అరుగు మీద కడిగి బోర్లించిన స్టీలు టిఫిను డబ్బా, మాది కాదు.

"అత్తమ్మ వచ్చిపోయింది" అంది. "కొర్రమట్ట. కడుపుతోటి ఉన్నదానికి మంచిదని చేసుకొచ్చింది."

"ఏ చెరువుది?"

"అడుగలే."

"నేనేం చెప్పిన నీకు?"

"ముందట కూసుండి కలిపి పెట్టిందమ్మా. ఏ చెరువుదని ఎట్ల అడుగుత? ఎట్ల వద్దంట?"

దాని స్థానంలో ఉంటే నేనూ వద్దనలేను. అత్త ముద్ద కలిపి పెడితే ఎక్కడిదని ఆరా తీసే కోడలు మా ఊళ్ళలో లేదు. అది చేతులు చూసుకుంటూ కూర్చుంది. అరిచే గొంతు కూడా లేదు నాకు.

సాయంత్రం వియ్యపురాలే ఫోన్ చేసింది.

"మంచిగ తిన్నది వదినా పిల్ల. మిగిలినయి ఎండబెట్టిన. వానకాలం బాలింతకు పనికొస్తయి."

"ఏ చెరువుయి వదినా?"

"ఇంకేడియి, మన చెరువుయే."

అప్పుడు చెప్పాను. వల వేయకపోతే చేప వాళ్ళ ఇంటికి ఎలా పోతుందిలెమ్మని అంతవరకూ ఆమెకు చెప్పలేదు. ఊరంతటికీ చెప్పిందే, పోయిన గొంతుతో మెల్లగా చెప్పాను. ఆమె నవ్వలేదు, ఎగతాళి చేయలేదు. పూర్తిగా విన్నది.

"ఇంటిల్లిపాది తిన్నం" అంది చివరికి. "ఇప్పుడేం చెయ్యాలె వదినా?"

నేను చదివినదంతా గుర్తు చేసుకున్నాను. తినకూడదని ఉంది. తిన్న తర్వాత ఏం చేయాలో నేను చదివిన పుటల్లో ఎక్కడా లేదు. పొద్దున్నే పిల్లను భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోతానని మాత్రం అన్నాను. అక్కడ వాళ్ళను ఏమని అడగాలో కూడా నాకు తెలియదు.

"ఎండబెట్టినయి ఎవరికి పెట్టకు" అన్నాను.

"పారేస్తే కుక్కలు తింటయి గదా."

"లోతుగ బొంద తీసి పాతిపెట్టు."

"ఏడ?" అని అడిగింది.

వాళ్ళ పెరడు వెనక చెరువులో కలిసే ఒర్రె. మా పెరట్లో మంచినీళ్ళ బోరు. ఫోను చెవికి ఆనించుకుని, రెండూళ్ళలో ఉన్న జాగాలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ నిలబడ్డాను.