కిటికీ ఊచ మీద రెండు దెబ్బలు

కరీంనగర్ బస్టాండులో సీటు కావాలంటే బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి మొహం తుడుచుకునే దస్తీ వెయ్యాలి. దస్తీ లేకపోతే సంచి. చెప్పు వేసి సీటు పట్టినవాళ్లను కూడా చూశాను. ఆ మధ్యాహ్నం చొప్పదండి బస్సులోకి నేను వేసింది దవాఖాన కవరు. దానిలోకి ఏ కాగితం వచ్చి చేరుతుందోనని మూడు వారాలు నిద్ర లేకుండా దొర్లిన మనిషిని, కాగితం చేతికొచ్చిన గంటకే కవరుతో సహా సీటు మీదికి విసిరేశాను. ఎవరైనా ఎత్తుకుపోయినా బెంగ లేదు. అందులో ఉన్న మాట నాకు నోటికి వచ్చేసింది. ఏమీ లేదు.

ఉన్నదల్లా గొంతులో చిన్న కాయ. అరిచి అరిచి వచ్చిందట. అందులోంచి ముక్క తీసి పరీక్షకు పంపిన సంగతి నన్ను కన్న అవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మా బాపు నాకు ఇచ్చిపోయింది బట్టల దుకాణం అని అందరూ అనుకుంటారు. కాదు, నోరు. అది పోతే ఆ చీరల బీరువాల మధ్య నేనూ ఒక బొమ్మనే.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. అవ్వ పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపిస్తుంటే బాపు డబ్బుల గల్లా దగ్గర ఉండేవాడు. గిరాకీకి వచ్చినవాళ్ల ఎదుట ధర గురించి ఇద్దరూ మాట్లాడుకోలేరు కదా. అందుకని బాపు గజం కర్రతో బల్ల మీద కొట్టేవాడు. రెండు దెబ్బలంటే, కుదిరింది, ఇచ్చెయ్. మూడంటే, ధర దిగకు. బాపు పోయాక గల్లా దగ్గరికి నేను వచ్చాను, కర్ర నా చేతికి వచ్చింది. అవ్వ మాత్రం ఇప్పటికీ అదే పరుపు మీద ఉంది.

ఆ పొద్దున డాక్టరు నా కాగితం చదువుతూ పెన్నుతో బల్ల మీద మూడుసార్లు కొట్టాడు. ఈయన దిగడు అనుకున్నాను. ఎదుటివాడు ధర చెప్పకముందే మనం తగ్గించడం మొదలుపెట్టాలని బాపు నేర్పిన పాఠం.

“సార్, ఆపరేషన్ అయితే పెండ్లిళ్ల గిరాకి అయినంక పెట్టుకుందం. గొంతు మొత్తం తియ్యకుండ్రి. సగమన్న ఉంచుండ్రి.”

ఆయన తల ఎత్తాడు. “ఏ ఆపరేషనమ్మా?”

“మీరు చెయ్యబోయేదే సార్.”

“నేనేం చెయ్యట్లేదు. నీకు భయపడేదేం లేదు. పది రోజులు నోరు మూసుకుంటే చాలు. గుసగుసలు కూడా వద్దు.”

లేని ఆపరేషన్‌ను సగానికి దించుకున్న ఘనత మా ఇంట్లో నాకే దక్కింది. పది రోజులను వారం చెయ్యమని అడగబోయాను. నోరు తెరిస్తే పదిహేను చేస్తాడేమోనని దండం పెట్టి బయటపడ్డాను.

బస్సెక్కేసరికి నా సీటు పక్కన ఒక ముసలమ్మ కూర్చుని కవరును అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

“ఎవరిదమ్మా గిది? దస్తీ లేకనా ఎక్స్‌రే ఏసిన్రు?”

నాదేనని సైగ చేశాను.

“మాట రాదా బిడ్డా?”

గొంతు మీద వేలు పెట్టి చెయ్యి ఊపాను. ఇప్పుడు మాట్లాడకూడదని నా ఉద్దేశం. ఆమె నాలుక చప్పరించింది. “మొకం జూస్తె ఎంత కళగున్నది. దేవుడు గిట్ల జేసిండు. కూసో బిడ్డా.”

కిటికీ కిందికి జామపండ్ల గంప వచ్చింది. నేను ఒక పండు నొక్కి చూస్తుండగానే ముసలమ్మ నా మీదుగా వంగింది. “మూగ పిల్ల పాపం. జర ఎక్కువెయ్యి.” గంపామె మారు మాట్లాడకుండా తూకం మీద రెండు పండ్లు వేసింది. నోరు తెరవకుండా నేను చేసిన మొదటి బేరం అది. సిగ్గుపడ్డమాట నిజమే. మూడో పండు కోసం చెయ్యి దానంతట అదే లేచిందన్నదీ నిజమే.

బస్సు కదిలింది. పొద్దున ఇదే దారిన వస్తుంటే నాకు దవాఖానల బోర్డులు తప్ప ఏమీ కనబడలేదు. ఊరంతా రోగులే అనిపించింది. ఇప్పుడు ఆ బోర్డుల మధ్య ఎన్ని దుకాణాలు! కమాన్ దగ్గర ఒకాయన స్కూటరు మీద పరుపును నిలబెట్టి, దానికి ముద్దు పెడుతున్నట్టు చెంప ఆనించి నడుపుతున్నాడు. మిర్చీ బజ్జీల బండి ముందు ఇద్దరు పోలీసులు ఊదుకుంటూ తింటున్నారు. ఒక బట్టల షాపు వాళ్లు బొమ్మకు పట్టుచీర కట్టి కొంగును ఎండకు పెట్టారు. నెల రోజుల్లో రంగు పోతుంది, తరువాత దాన్నే తగ్గింపు ధర అని అమ్ముతారు. దిగి చెబుదామన్నంత ఆరాటం. చెప్పడానికి లేదని గుర్తొచ్చి, పది రోజుల తరువాత చెప్పవచ్చని కూడా గుర్తొచ్చి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఫోను మోగింది. అవ్వ. ఎత్తితే మాట్లాడాలి, ఎత్తకపోతే అవ్వ గుండె ఆగుతుంది. మెసేజ్ పెడదామంటే ఆమెకు చదువు రాదు. కవరు వెనక గబగబా రాసి ముసలమ్మకు చూపించాను.

“నాకేడ సదువొస్తది బిడ్డా. ఓ కండక్టరమ్మా, గీ పిల్ల ఏందో రాసింది జూడు.”

ఆడవాళ్లకు పైసలు లేని సున్నా టికెట్లు కొడుతూ వస్తున్న కండక్టరు చదివి, ఫోను అందుకుని స్పీకరు పెట్టింది. అప్పటికి రైలు గేటు పడి బస్సు ఆగింది.

“అవ్వా, నేను బస్సు కండక్టర్ను. నీ బిడ్డ నా ముంగటనే ఉన్నది. రిపోర్టుల ఏం లేదట. పది దినాలు మాట్లాడొద్దన్నరట.”

“ఏం లేకుంటె మాట్లాడొద్దని ఎందుకంటరు? నాకు పిచ్చా? దాన్ని మాట్లాడుమను.”

“వద్దన్నరట అవ్వా.”

“ఒక్క మాట.”

“ఒక్కటి గూడ వద్దట.”

“అవ్వా అని పిలువుమను. సగం పిలిచినా సాలు.”

కండక్టరు నా వైపు చూసింది. “మీరు దుకాణపోళ్లా అక్కా?”

అవతల అవ్వ బేరం మానేసింది. “నాకు చెప్పకుండ దాస్తున్నరు. మొత్తం తీసేసిన్రా ఏంది?”

డ్రైవరు అప్పుడే ఇంజను ఆపాడు. నేను వేలి ఉంగరంతో కిటికీ ఊచ మీద కొట్టాను. రెండు దెబ్బలు.

కండక్టరు కాల్ తెగిందనుకుని చెవి దగ్గర పెట్టుకోబోయింది. అంతలో టక్, టక్ అని వినిపించింది. గల్లా బల్ల మీద గజం కర్ర. అవ్వ పరుపు దిగి నా చోటికి ఎప్పుడు వెళ్లి కూర్చుందో!

“ఇగ దా,” అంది అవ్వ. ఫోను పెట్టేసింది.

కళ్లు తుడుచుకుని తిరిగేసరికి ముసలమ్మ నన్నే చూస్తోంది.

“అయితె నువ్వు మూగదానివి కాదన్నట్టు.”

తల అడ్డంగా ఊపాను.

“నీ నోరు మంచిగున్నదని సంతోషమే బిడ్డా. గని గంపామె ఎక్కువేసింది నా మాటకు.” నా సంచిలో చెయ్యి పెట్టి రెండు పండ్లు ఏరుకుంది. దోరవి, మచ్చలేనివి. ఒకటి కండక్టరుకు ఇచ్చి, ఒకటి తన పైట కొంగుతో తుడిచి కొరికింది.

ఎదురు చెప్పడానికి నా దగ్గర చాలా పాయింట్లు ఉన్నాయి. కిటికీ అంచున మూడు దెబ్బలు కొట్టవచ్చు కూడా. కొట్టలేదు. గేటు లేచింది.