పెండ్లికూతురికి అందని చెయ్యి

ఒక నవ్వును మోస్తున్నాను. నవ్వుకు బరువేమిటి అంటారేమో. ఉంటుంది. శనక్కాయ మూటలు మోసిన వీపు నాది, ఏ బరువు ఎంతో నాకు తెలుసు. మూట దించితే దిగుతుంది. ఇది దిగడం లేదు. ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు, పేకాటలో నా చొక్కాతో సహా నా గుట్లన్నీ గెలుచుకున్న స్నేహితులకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నన్ను ఎరిగినవాళ్లు నా మాట నమ్మరు. తాడును పాము చేసి, ఆ పాముకు పెండ్లి చేసి, పెండ్లి భోజనంలో వంకాయ కూర ఉడకలేదని సణిగే మనిషిని. ఇందులోనూ అక్కడక్కడా చెయ్యి జారుతుంది, ఓర్చుకోండి. ఎక్కడ పెంచడం లేదో అక్కడ చెబుతాను.

ఎనభైలు ముగుస్తున్న కాలం. మా పావగడ తాలూకాలో అప్పుడు మేఘం కనబడితే పిల్లలు అదేమిటో తెలియక జడుసుకునేవాళ్లు. బోరు వేస్తే దుమ్ము లేచేది, ఆ దుమ్ముకు కూడా దాహం వేసేది. విత్తిన శనక్కాయ మొలిచి, ఆకాశాన్ని ఒకసారి చూసి, మళ్లీ మట్టిలోకి వెళ్లిపోయేది. అలాంటప్పుడు మా వైపు వాన నాటకం ఆడేవాళ్లు. మేఘరాజును పెండ్లాడే పదహారేళ్ల రాజకుమారి కథ. మా హార్మోనియం మేష్టారి తాత కట్టిన నాటకం. చివరి సీనులో రాజకుమారి తండ్రి కాళ్ల దగ్గర మోకరిల్లి, దీవెన తీసుకుని, లేచి, కడవ ఎత్తుకుని ముందుకొచ్చి నీళ్లు నేలమీద కుమ్మరించాలి. హార్మోనియం ఆగకూడదు. ఆగితే వచ్చే వాన వెనక్కు తిరుగుతుందని నమ్మకం.

మగవేషాలన్నీ ఊరివాళ్లవే. గొర్రెలు మేపే మారప్ప రాజు. కిరీటం బరువుకు మెడ పట్టేసి పద్యాలన్నీ ఒక్క పక్కకే చూస్తూ పాడేవాడు. నేను బఫూన్‌ని, రాజకుమారి వెంట తిరిగే చెలికాణ్ని. రాసిన మాటలు కాకుండా నోటికొచ్చింది మాట్లాడే హక్కు నాటకం మొత్తంలో నాకొక్కడికే ఉండేది. రాజకుమారి వేషానికి మాత్రం హిందూపురం వైపు నుంచి సరోజమ్మను పిలిపించేవాళ్లం.

ట్రంకు పెట్టెతో బస్సు దిగితే బదిలీ మీద వచ్చిన టీచరమ్మ అనుకునేవాళ్లు. స్కూలు గదిలో తలుపు వేసుకుని, రంగు పూసుకుని, జడ వేసుకుని బయటికొస్తే పదహారు. పెట్రోమాక్సు మహిమ అనేవాళ్లు కొందరు. కాదు. ఆ పెట్రోమాక్సు నా మీదా పడింది, నేనేమీ అందగాణ్ని కాలేదు. ఆమె పదహారేళ్లు రంగులో లేవు. తల తిప్పడంలో ఉన్నాయి, అడుగు వేయబోయి ఆగడంలో ఉన్నాయి.

ఆ ఏడు మమ్మల్ని ముందు వెంకటమ్మనహళ్లివాళ్లు పిలిచారు. అక్కడికి పోయే రోజు మధ్యాహ్నం, పంట లేక బోసిగా పడివున్న కళ్లంలో కూర్చుని నేను గడ్డానికి అంటించుకునే మేకబొచ్చు దువ్వుకుంటున్నాను. సరోజమ్మ వచ్చింది.

“ఏమప్పా బఫూను, ఒగ మాట. నగవు కదా?”

“నగిచ్చేదే నా పనక్కా. చెప్పు.”

“ఆ కడా సీన్లో కూకున్నాక లేయనీకి కాదప్పా నాకు. కుడి మోకాలు పట్టేస్తాది. నువ్వు పక్కనే ఉంటావు కదా, ఏదో ఒగ తమాషా మాట చెప్పి చెయ్యి అందీ. జనం నీ మాటకు నగతాంటారు, అంతలోపల నేను లేచేస్తా. ఎవురికీ తెల్దు.”

“ఎన్నేండ్లక్కా నీకు?”

అటూ ఇటూ చూసింది. ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. కుక్క వినేంత గట్టిగా కూడా చెప్పలేదు.

“యాభై రెండు. నీ నోట్లోనే ఉండల్ల.”

“మరి రాణి వేషం కట్టుకోరాదా? ఆయమ్మ సీనంతా కుర్చీలోనే కూచోనుంటాది.”

ఆమె నవ్వింది. “రాణి వేషానికి మీసం గొరిగించుకునే మగోళ్లు మీ ఊర్లో లేరా యేంది? పొరుగూరినుంచి ఆడమనిషిని పిలిపించేది పదారేండ్లదానికేనప్పా. ఆ పదారు పోతే నేను యాడికి పోవల్ల?”

“చెయ్యిస్తానక్కా. నీయాన.”

వెంకటమ్మనహళ్లిలో ఇచ్చాను. జనం నా మాటకు నవ్వారు, ఆమె నా చెయ్యి పట్టుకుని, తాళం తప్పకుండా, తీగలా లేచింది. ఎవరికీ తెలియలేదు. నా అరచేతిలో ఆమె బరువంతా పడింది. ఎంత నమ్మకంగా పడిందో ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత మా ఊరు. ఆ రోజు నాటకం మధ్యలో ఒక పెద్దమనిషి వేదికెక్కి కరువు గురించి ప్రసంగించాడు. కరువే ఆయనకన్నా ముందు ముగిసేది. దాంతో చివరి సీను వచ్చేసరికి బాగా తెల్లారిపోయింది. మొట్టమొదటిసారి నాకు జనం ముఖాలు కనబడ్డాయి. సొంత ఊరు, సొంత మనుషులు. ఆవులిస్తున్నారు. ఆ రాత్రి నా తమాషాలన్నీ మా బోర్లలాగే అయ్యాయి, ఎంత లోతుకు పోయినా తడి తగల్లేదు. ఆమె పద్యానికి మాత్రం రెండుసార్లు ఒన్స్‌మోర్ కొట్టారు. అది మనసులో ఉందా? ఉందేమో. అదొక్కటే కారణమా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా ఇంకో కారణం దొరకలేదు.

ఇక్కడి నుంచి పెంచి చెప్పడం లేదు.

ఆమె మోకరిల్లింది. మారప్ప దీవించాడు. నేను, “రాకుమారీ, లే లే, నీ మొగుడు పైన ఉరుముతాన్నాడు!” అన్నాను. ఎవరూ నవ్వలేదు. చెయ్యి చాచాను. ఆమె చాచింది. వేళ్లు తగలబోతుండగా నేను చెయ్యి వెనక్కు తీసుకుని తల గోక్కున్నాను.

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు.

ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉంది. నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఈ ఒప్పుకోలు నాకింత కష్టమయ్యేది కాదు. పొరబాటున తప్పిందనుకుంది. నేను చూసుకోలేదనుకుంది. ఇంకొంచెం ముందుకు వంగి, నాకు అందేలా, మళ్లీ చాచింది. నేను మళ్లీ ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నాను. ఈసారి జనమంతా నిద్ర లేచారు. “లేయవ్వా, పెండ్లికి టైమాయ!” అని ఒకడు అరిచాడు. “పెండ్లికూతురికి కీళ్లనొప్పులంటప్పా!” అని ఇంకొకడు. ఊరు ఊరంతా నవ్వింది. నా జీవితంలో అంత నవ్వు మళ్లీ వినలేదు. నేను ఆమెకు వీపు తిప్పి చిందులు వేశాను.

హార్మోనియం ఆగిపోయింది. మారప్ప సింహాసనం దిగి ఆమెను రెండు చేతులతో లేవనెత్తాడు. ఆ పెనుగులాటలో కడవ వేదిక మీదే ఒరిగి, నీళ్లు నేలకు చేరకముందే పలకల్లో ఇంకిపోయాయి. పొద్దుటి వెలుగులో, చెమటకు కరిగిన రంగు కింద, ఆమె వయసును ఊరంతా చూసింది.

స్కూలు గది దగ్గర పెద్దలు అడిగారు: “ఏమైందమ్మా?” నేను గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాను. నా పేరు వస్తుందని చూశాను.

“కాలు తిమ్మిరెక్కింది పెద్దప్పా,” అంది. నన్ను చూడలేదు.

నా తప్పు చెప్పాలంటే తన మోకాలి సంగతి చెప్పాలి. ఆమె పదహారేళ్లను కాపాడుకోవడానికి నన్నూ కాపాడింది.

వాన రాలేదు. మా తాలూకాలో వాన రాకపోవడానికి ఎవరి మోకాలూ అవసరం లేదు. అయినా శనక్కాయ చేలు ఎండిపోతుంటే ఊరికి ఒక కారణం కావాలి కదా. టీ అంగడి దగ్గర నన్ను పట్టుకున్నారు. “నువ్వు పక్కనే ఉంటివి కదప్పా, ఏమాయ ఆయమ్మకు?”

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దేవుడు కూడా ఇవ్వలేడు. నేనేమన్నానో తెలుసా?

“యాభై రెండేండ్లవ్వకు పదారేండ్ల వేషం కడితే వానదేవుడు నగడా?”

వేదిక మీద చేసింది క్షణంలో జరిగిపోయిందని నన్ను నేను ఓదార్చుకోగలను. ఓదార్చుకున్నాను కూడా, చాలా ఏళ్లు. కానీ టీ అంగడి దగ్గర క్షణమేమీ తోసుకురాలేదు. గ్లాసు చేతిలో పెట్టుకుని, వాక్యం కూర్చుకుని, ఎక్కడ ఆపితే నవ్వు బాగా వస్తుందో చూసుకుని మరీ అన్నాను. ఆమె నా నోట్లో దాచుకున్న అంకెను నేనే బయట పడేశాను. ఆ మాట బస్సుకన్నా ముందు వై.ఎన్.హొసకోట చేరింది. మరుసటి ఏడాది ఊళ్లన్నీ వేరే అమ్మాయిని పిలిపించుకున్నాయి. సరోజమ్మను దేనికీ పిలవలేదు, కుర్చీలో కూర్చునే రాణి వేషానికి కూడా. వాన పోగొట్టిన మనిషిని ఎవరు పిలుస్తారు?

చాన్నాళ్ల తర్వాత పావగడలో బస్సెక్కితే కిటికీ పక్కన ఆమె. జుట్టంతా తెల్లబడింది, రంగు వేయలేదు. నన్ను గుర్తుపట్టింది. కొంచెం జరిగి, కూర్చోమన్నట్టు సీటు మీద చోటిచ్చింది. నేను ఎవరినో వెతుకుతున్నట్టు నటించి దిగిపోయాను. నా మొత్తం జీవితంలో అంత బాగా ఎప్పుడూ నటించలేదు. తర్వాతి బస్సుకు చాలాసేపు నిలబడ్డాను. ఆ స్టాండులో ఎంతమంది ఉన్నా ఒక్కరూ లేనట్టనిపించింది.

ఇప్పటికీ పెళ్లిళ్లలో, అరుగుల మీద నన్ను చుట్టుకుని కూర్చుంటారు, కథ చెప్పమంటారు. చెబుతాను. నవ్వుతారు. వాళ్లు నవ్వే ప్రతిసారీ నేను ఒక్కణ్నే మిగిలిపోతాను. ఆమె ఉందో లేదో తెలియదు. వెతకలేదు. వెతికితే ఏమడగాలి? క్షమించమనా? ఆమె క్షమిస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోను?

కాబట్టి అడగను. చెప్పడం మాత్రం చెబుతాను. మా ఊళ్లో ఇప్పటికీ ఆ ఏటి కరువు మాట వస్తే సరోజమ్మ మోకాలు అంటారు. మోకాలు కాదు. ఆమె చెయ్యి చాచింది, రెండుసార్లు. నేనే ఇవ్వలేదు. ఇందులో నవ్వాల్సింది ఏమీ లేదు. ఇంత రాసినా మీరు నవ్వకపోతే, నాకు అదే చాలు.