పెద్దల్లుడి చెయ్యి

ఆళ్లగడ్డలో మా మామగారింట్లో ఏ వస్తువు మొరాయించినా మా తోడల్లుడు, అంటే ఆ ఇంటి పెద్దల్లుడు, దాన్ని రెండుసార్లు తట్టి "అలిగినావా తల్లీ?" అని అడిగేవాడు. మిక్సీ అయినా, మోటార్‌సైకిల్ అయినా అంతే. అంతకు మించి ఆయనకు తెలిసిందేమీ లేదు. నాకది ఒళ్లుమంట.

ఓ శనివారం తెల్లారుతూనే మామగారు ఫోన్ చేశారు. మర్నాడు చర్చిలో పంచాల్సిన పాటల కాగితాలు ప్రింటర్‌లోంచి రావడం లేదట. నంద్యాల నుంచి పొద్దున్నే వెళ్లాను. ఆ కంప్యూటర్ మా పెళ్లికంటే పాతది. మౌస్ కదిపితే బాణం తీరిగ్గా బయలుదేరుతుంది. ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. రోలర్ కింద ఇరుక్కున్న కాగితం ముక్కను సూదితో లాగాను. చేతులనిండా ఇంకు. మధ్యాహ్నానికి ప్రింట్ నొక్కాను. అది గురగురమంటుంటే ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

అప్పుడే మా తోడల్లుడు లోపలికొచ్చి ప్రింటర్‌ను తట్టాడు. "అలిగినావా తల్లీ?"

కాగితం బయటికొచ్చింది.

"సూస్తివా! పెద్దల్లుడి చెయ్యి పడాల్సిందే" అన్నారు మామగారు. భోజనాల దగ్గర నాటుకోడి కాలు పెద్దల్లుడి పళ్లెంలోకే పోయింది. "నువ్వు గూడా తిను నాయనా, పొద్దున్నించి ఊరికే కూసోనుండావ్" అంది అత్తగారు నాతో.

మొన్న నంద్యాలలో మా ఇంటి ప్రింటర్ ఆగిపోయింది. తెలిసినవన్నీ చేశాను, కదల్లేదు. చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, మెల్లగా తట్టాను. "అలిగినావా తల్లీ?"

వెనకనుంచి నా భార్య గొంతు వినిపించింది.

"అట్ల గాదు. మా బావ ఇంగా ప్రేమగా తడతాడు."