బస్సులో తీసిన దుబాయ్ టికెట్

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. మా బావ బతుకుదెరువుకు నేను తెచ్చిపెట్టిన గండం కథ ఇది. తప్పంతా నాదేనని ఇంట్లో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. సగం తప్పు రోడ్డుది.

బావ సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. మగ్గాలు ఆగిపోయి ఇల్లు గడవక, నానా తిప్పలు పడి దుబాయ్ వీసా తెప్పించుకున్నాడు. గడువులోపల అక్కడ దిగకపోతే అది చిత్తుకాగితమే. టికెట్ తీసే పని నాకు అప్పగించాడు. కొత్త ల్యాప్‌టాప్ కొన్న పొగరులో, "గిదేం పని బావా, బస్సుల కూసోనే చేస్త" అన్నాను.

జగిత్యాలలో కోరుట్ల బస్సెక్కాను. మండే ఎండాకాలం. కిటికీ ఎండ నేరుగా స్క్రీన్ మీద పడి, అందులో నా మొహం తప్ప ఏమీ కనబడదు. పక్కనున్న ముసలమ్మ గంపలోని కోడి నా మోచేతిని పొడుస్తోంది. వెనక సీటాయన మస్కట్‌లోని కొడుకుతో మాట్లాడుతున్నాడు, ఫోన్ లేకున్నా అక్కడికి వినబడేంత గట్టిగా. చెమటకు వేలు జారుతోంది. ఇంతలో గుంత. బస్సు ఎగిరింది, నేనూ ఎగిరాను, వేలు ఎక్కడో నొక్కింది. ఇలాంటి రోడ్డు మీద మనిషి కంప్యూటర్ చూసుకోవాలా, నడుము చూసుకోవాలా? మీరే చెప్పండి. టికెట్ బుక్ అయిపోయినట్టు పచ్చ గుర్తు లీలగా కనిపించగానే మూత మూసేశాను.

ప్రయాణం నాడు జీపు నిండా చుట్టాలు, అక్క ఒళ్లో సకినాల డబ్బా. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు గేటు దగ్గర జవాను టికెట్ చూసి, ఇది దుబాయ్ నుంచి హైదరాబాద్ వచ్చే టికెట్ కదా అన్నాడు. గుంతలో ఎగిరినప్పుడు నా వేలు ఊళ్లను తారుమారు చేసే బాణం గుర్తు మీద పడిందన్నమాట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బావ పోనే లేదు, రాక మాత్రం ఖాయమైంది.

బావ అరిచినా బాగుండేది. మెల్లగా అడిగాడు.

"బామ్మర్ది, నేనింక పోనేలే. అప్పుడే తోల్కస్తున్నవా?"

మర్నాటి విమానంలో సీటు దొరికి, గడువు దాటకముందే దిగాడు. ఆ కొత్త టికెట్ డబ్బుల కోసం అక్క చెవుల కమ్మలు కుదువకు పోయాయి. ఆ బోసి చెవులు చూసినప్పుడల్లా నాకు ఆ రోడ్డు వేసినవాడి మీద ఒళ్లు మండేది. కాస్త నా మీద కూడా.

రెండేళ్లకు బావకు సెలవు దొరికింది. ఈసారి ఇంట్లో కదలకుండా కూర్చుని టికెట్ తీస్తానని ఫోన్లో బతిమాలాను.

"అద్దు. నువ్వు తీస్తె నేను మల్ల దుబాయ్‌లనే దిగుత" అన్నాడు.

అందుకే సూర్యుడి సాక్షిగా, ఆ కోడి సాక్షిగా శపథం చేస్తున్నాను. చక్రాలున్న దేని మీదా కూర్చుని కంప్యూటర్ ముట్టను. ఆఫీసులో చక్రాల కుర్చీ వేసినా సరే, నిలబడే పనిచేస్తాను.